శీతకాలము గడపుట

వాక్యభాగములు: 1 కొరింథీయులకు 16:5–9, అపొస్తలుల కార్యములు 28:1–11

అపొస్తలుడైన పౌలు ఎఫెసునుండి కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో పునరుత్థానమును గూర్చిన మహాధ్యాయము ముగియగానే చందా విషయము వచ్చును. దాని వెనుకనే ప్రయాణ విషయము వచ్చును. చదువరులు సాధారణముగా ఇచ్చట వేగిరపడుదురు. మరణమును జయించిన ప్రభువును గూర్చి విన్న చెవులకు, ఒక మనుష్యుడు ఏ దారిని వచ్చునో ఎన్నాళ్లుండునో అను మాటలు చిన్నవిగా తోచును. అయినను ఆ చిన్న మాటలలో ఒకటి నిలిచి చూడదగినది. మాసిదోనియ మీదుగా వత్తునని చెప్పిన పౌలు, దారిలో పోవుచు వారిని చూచి వెళ్లుట తనకు ఇష్టము లేదనియు, ప్రభువు సెలవిచ్చినయెడల వారియొద్ద కొంతకాలము నిలిచి, ఒకవేళ శీతకాలమంతయు అచ్చటనే ఉండవలెనని తన కోరిక యనియు తెలియజేసెను.

ఈ కోరిక అర్థము కావలెననిన ఆ కాలపు సముద్రమును ఎరుగవలెను. మధ్యధరా సముద్రము అప్పుడు సంవత్సరమంతయు తెరచియుండెడి మార్గము కాదు. సెప్టెంబరు మధ్యభాగము దాటినది మొదలు ప్రయాణము అపాయకరము. నవంబరునుండి మార్చి మొదటి దినములవరకు ఓడలు రేవులలోనే కట్టబడి యుండెడివి. తుపానులు మాత్రమే దానికి కారణము కాదు. మబ్బు కమ్మినప్పుడు పగలు సూర్యుడును రాత్రి నక్షత్రములును కనబడవు. దిక్సూచి నెరుగని నావికునికి వేరు గురుతు లేదు. లూకా తన ఓడ ప్రయాణ వృత్తాంతములో ఉపవాసదినము గడచిపోయెనని ప్రత్యేకముగా చెప్పుట యిందుకే. రోమాలో బంధకములలో నున్న పౌలు తిమోతిని శీతకాలమునకు ముందే రమ్మని తొందరపెట్టుటయు, త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని తెమ్మనుటయు ఇందుకే. ఒకసారి ఆ తలుపు మూయబడినయెడల వసంతమువరకు తెరువబడదు. వృద్ధుడైన ఖైదీకి వసంతము వచ్చునో రాదో తెలియదు.

అయితే కొరింథీయులకు వ్రాసినప్పుడు ఆ మూయబడిన తలుపే పౌలునకు మేలుగా కనబడెను. వేసవి బోధకుని ఊరినుండి ఊరికి నడిపించును. శీతకాలము అతనిని ఒక ఇంటిలో కూర్చుండబెట్టును. వేసవిలో అతడు ప్రసంగించి వెళ్లవచ్చును; శీతకాలములో తాను ప్రసంగించినవారి మధ్యనే మరునాడును, మరు వారమును, మూడు నెలలును బ్రదుకవలెను. వారి కట్టెలతో చలి కాచుకొనవలెను. కొరింథు సంఘము ఎట్టిదో ఆ పత్రిక చదివినవారికి తెలియును. కలహములు, వ్యాజ్యెములు, బల్లయొద్ద సహితము ఆకలిగొన్నవారును మత్తుగొన్నవారును. అట్టివారి మధ్య ఒక శీతకాలము గడపుటకంటె ఒక దినము మంచి ప్రసంగము చేసి ఓడ యెక్కుట ఎంతయో సులభము.

మెలితే ద్వీపములో పౌలు గడపిన శీతకాలము అతడు కోరుకొన్నది కాదు. ఓడ పగిలి, రెండువందల డెబ్బది ఆరుగురు, కొందరు ఈది, కొందరు చెక్కలు పట్టుకొని ఒడ్డు చేరిరి. వర్షము, చలి. ఆ ద్వీపవాసులు నిప్పు రాజవేసి అందరిని చేర్చుకొనిరి. అప్పుడు అపొస్తలుడు చేసిన మొదటి పని మోపెడు పుల్లలు ఏరుట. పాము చేతిని పట్టిన సంగతి అందరికిని జ్ఞాపకముండును. పుల్లలు ఏరుచుండగా అది జరిగినదను సంగతి అంతగా జ్ఞాపకముండదు. లూకా ఆ ద్వీపములో గడచిన మూడు నెలలను గూర్చి వ్రాయుచు పొప్లి తండ్రి స్వస్థతను చెప్పెను, ఇతర రోగుల రాకను చెప్పెను, ప్రజలు చూపిన మర్యాదను చెప్పెను. అచ్చట పౌలు చేసిన ప్రసంగము ఒక్కటియు వ్రాయలేదు. అతడు నోరు మూసికొని యుండెనని దీనివలన ఋజువు కాదు. పౌలు మూడు నెలలు మౌనముగా నుండెనని నమ్ముట కష్టము. అయినను ఏథెన్సు ప్రసంగమును, మిలేతు ప్రసంగమును శ్రద్ధగా భద్రపరచిన లూకా, ఇచ్చట నిప్పును పుల్లలను రోగుల పడకలను మాత్రమే భద్రపరచెను.

సముద్రము పౌలునకు మూయబడినట్లే హిమాలయములలో కనుమలు మూయబడును. 1853లో విల్హెల్మ్ హైడే, ఎడ్వర్డ్ పాగెల్ అను ఇద్దరు జర్మను మొరేవియనులు స్వదేశము విడిచి, ఆ సంవత్సరాంతమునకు కలకత్తా చేరిరి. వారు పంపబడినది హిందూదేశమునకు కాదు, మంగోలియాకు. రష్యా ప్రభుత్వము తన భూమిగుండా వెళ్లుటకు సెలవియ్యనందున, హిందూదేశము మీదుగా టిబెటు, టిబెటు మీదుగా మంగోలియా చేరవలెనని పెద్దలు పటము చూచి తీర్మానించిరి. పటములో ఆ దారి జానెడు. సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో నిలిచి భాష నేర్చుకొని, 1855లో లడఖ్ వైపునుండి టిబెటు ప్రవేశింప ప్రయత్నింపగా ఆ దేశాధికారులు వారిని త్రిప్పి పంపిరి. 1856లో వారు కులూకు ఉత్తరముననున్న లాహౌల్‌లో, కేలాంగ్ అను గ్రామమున ఇల్లు కట్టుకొనిరి. టిబెటు తలుపు తెరువబడువరకు తాత్కాలికముగా ఉండుటకే ఆ ఇల్లు. హైడే ఆ ఊరు విడిచినది 1898లో.

కేలాంగ్ సుమారు పదివేల అడుగుల ఎత్తున నున్నది. దక్షిణముననున్న రోహ్‌తాంగ్ కనుమ పదమూడువేల అడుగుల ఎత్తు. ఆ కనుమపై మంచు పడినది మొదలు లాహౌల్ లోయకు బయటి లోకముతో సంబంధము దాదాపు తెగిపోయెడిది. ఉత్తరము లేదు, వైద్యుడు లేడు, సరకు లేదు. 2020 అక్టోబరులో కొండ క్రింద సొరంగ మార్గము తెరువబడువరకు ఆ లోయవాసుల జీవితమునకు ఈ కనుమయే గడియారము. వేసవి నాలుగైదు నెలలలో పొలము దున్ని, పంట కోసి, మేత ఎండబెట్టి, కట్టెలు ప్రోగుచేసికొని, మిగిలిన కాలమంతయు మట్టికప్పుల యిండ్ల లోపలి గదులలో పొయ్యిచుట్టు చేరి ఉన్ని వడకుదురు.

ఆ మిషనరీలు మొదట దీనిని సరిగా గ్రహింపలేదనుట న్యాయమే. వారి మనస్సంతయు వేసవి ప్రయాణముల మీదనే యుండెను. మంచు కరగగానే పుస్తకముల మూటలతో లడఖ్, స్పితి, జాంస్కార్ ప్రాంతములు తిరుగుట, మఠములలో లామాలతో వాదించుట, పత్రములు పంచిపెట్టుట, తిరిగి వచ్చుట. ఆ ప్రయాణముల ధైర్యమును తక్కువ చేయరాదు. కాని వాటి ఫలమును వెదకువారికి దొరకునది కొద్దియే. పుస్తకములు తీసికొన్నవారు తీసికొనిరి. మరుసటి వేసవికి బోధకుని ముఖము మరచిరి. మూయబడిన నెలలలో జరిగిన పని వేరు. పిల్లలకు బడి శీతకాలములోనే సాగెను, ఏలయనగా వేసవిలో వారు పొలమునందును మందలయొద్దను ఉందురు. తర్జుమా పని శీతకాలములోనే ముందుకు నడచెను.

ఆ తర్జుమా చేసినవాడు 1857లో వారితో చేరిన హైన్రిహ్ ఆగస్టు యేష్కే. జర్మనీలో నీస్కీ పాఠశాలలో ఉపాధ్యాయుడు, అనేక భాషలు నేర్చిన పండితుడు, నలుబది యేండ్లవాడు, శరీరమున బలహీనుడు. కొండలు ఎక్కి దిగు బోధకునికి కావలసిన గుణములు అతనియందు తక్కువ. వచ్చిన కొలది కాలములోనే అతడు లడఖ్‌లోని స్టోక్ గ్రామమునకు వెళ్లి, అచ్చటి జనుల మధ్య నివసించి, వారు తిన్నది తిని, వారి నోటనుండి భాష నేర్చుకొనెను. టిబెటు భాషకు అప్పటికే నిఘంటువులు లేకపోలేదు. అవి గ్రంథములనుండి పుట్టినవి. మఠములలోని గ్రంథభాష ఒకటి, పొయ్యియొద్ద మాటలాడు భాష మరియొకటి. రెండింటి మధ్య లోతైన అగడ్త యున్నది. గ్రంథభాషలో సువార్త వ్రాసినయెడల లామాలు మెచ్చుకొందురు, స్త్రీలకు అర్థము కాదు. ఒక లోయ మాండలికములో వ్రాసినయెడల ఆ లోయ దాటిన వెంటనే అది పనికిరాదు. గ్రాంథికమునకును వ్యావహారికమునకును మధ్య ఇట్టి కష్టమును తెలుగు చదువరులకు వివరింపనక్కరలేదు. యేష్కే ఒక్కొక్క మాటను పుస్తకములో చూచి, తరువాత మనుష్యుల నోట విని, ఎవరు ఎచ్చట ఏ అర్థమున వాడుదురో వ్రాసికొనెను. ఇది ఒక దినములో ఒక మాట, రెండు మాటలు నడచెడి పని. దారులు తెరచియున్న కాలములో ఇట్టి పనికి ఎవరికి ఓపిక యుండును?

దేవునికి ఏ మాట వాడవలెను? ఇది అన్నిటికంటె బరువైన ప్రశ్న. అతడు ఎన్నుకొన్నది ‘కొన్‌చోగ్’ అను మాట. అరుదైనది, శ్రేష్ఠమైనది, సాటిలేని విలువగలది అని దాని భావము. బౌద్ధులు బుద్ధుని, ధర్మమును, సంఘమును మూడు కొన్‌చోగ్‌లుగా పిలుతురు. కావున ఆ మాట వినిన లాహౌల్ రైతు మనస్సులో మొదట మెదలునది అబ్రాహాము దేవుడు కాడు, మఠములోని త్రిరత్నములు. ఇది తెలిసియే యేష్కే దానిని ఎన్నుకొనెను. క్రొత్త మాట కల్పించినయెడల అపార్థము ఉండదు, అర్థమును ఉండదు. జనుల నోట గౌరవముతో పలుకబడు మాటను తీసికొని, దానిలోనికి క్రొత్త అర్థము వచ్చువరకు కాచియుండుటయే తర్జుమా చేయువాని విశ్వాసము. అర్థము నిఘంటువువలన మారదు. ఆ మాటను పలికి ప్రార్థించువారు ఎట్లు బ్రదుకుదురో చూచినప్పుడు మారును. అట్లు చూచుటకు ప్రక్క యింటిలో శీతకాలములు గడువవలెను. (తెలుగులో ‘దేవుడు’ అను మాటను నేడు ఏ క్రైస్తవుడును సందేహముతో పలుకడు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజస్‌లును, వారికి తోడైన ఆనందరాయరును ఒక్కొక్క మాటయొద్ద ఎంతసేపు ఆగిరో తలంచువారు అరుదు. ఆ దొరలిద్దరును 1810 ముగియకమునుపే మరణించిరి. వారికి అడ్డుపడినది మంచు కాదు, ఎండ.)

కేలాంగ్‌లో టిబెటు అక్షరముల పోత లేదు. అందుచేత రాతి అచ్చుయంత్రమును తెచ్చుకొని, చేతితో వ్రాసి అచ్చొత్తిరి. యేష్కే వ్యాకరణము 1865లోను, చిన్న నిఘంటువు 1866లోను ఆ మంచు లోయలోనే అచ్చుపడినవి. ఆరోగ్యము చెడి 1868లో అతడు జర్మనీకి తిరిగిపోయెను. పెద్ద నిఘంటువు 1881లో లండనులో వెలువడెను. పండితులు దానిని నేటికిని చేతబట్టుదురు. అతడు చాలభాగము తర్జుమా చేసిన క్రొత్త నిబంధన 1885లో బెర్లినులో సంపూర్ణముగా అచ్చుపడునాటికి అతడు మరణించి రెండు సంవత్సరములు కావచ్చెను.

పురుషులను గూర్చియే చెప్పిన ఈ వృత్తాంతము సగమే. 1859లో మరియ హార్ట్‌మన్ అను యువతి, తాను ముందెన్నడును చూడని హైడేను వివాహమాడుటకు కేలాంగ్ వచ్చెను. లాహౌల్ స్త్రీలు ఉన్ని వడకుటయందు నేర్పరులు. అల్లిక వారికి తెలియదు. మరియమ్మ వారికి మేజోళ్లు అల్లుట నేర్పెను. శీతకాలమంతయు స్త్రీలు ఆమె యింట చేరి అల్లుచుండగా, ఆమె వారికి బైబిలు కథలు చెప్పెను. దానిని ప్రసంగమని ఎవరును పిలువలేదు. చేతులు పనిలో నుండగా చెవులు ఖాళీగా నుండును, అంతే. ఆమె తన బిడ్డలలో కొందరిని ఆ కొండలలోనే సమాధి చేసెను, మిగిలినవారిని చదువుకొరకు జర్మనీకి పంపి సంవత్సరముల తరబడి ఉత్తరములతో సరిపెట్టుకొనెను. ఇట్టి త్యాగమును బిడ్డలు ఏ మాత్రము కోరియుండరు; దానిని గూర్చి పొగడ్తలు పలుకునప్పుడు ఆ బిడ్డలను కూడ తలంచుట మంచిది. లాహౌల్ మేజోళ్లు నేటికిని ప్రసిద్ధములు. వాటిని అల్లు స్త్రీలలో క్రైస్తవులు లేరనవచ్చును.

పాగెల్ 1865లో టిబెటు సరిహద్దు దగ్గరనున్న పూ గ్రామమునకు మకాము మార్చెను. అతడును అతని భార్యయు 1883 జనవరిలో, కొద్ది దినముల వ్యవధిలో, ఒకరి వెనుక ఒకరు మరణించిరి. కనుమలు మూయబడియున్న కాలము. తోటి మిషనరీ ఒక్కడును దగ్గర లేడు. చుట్టునున్నవారు ఆ గ్రామస్థులే. పదునేడు శీతకాలములు వారితో గడపినవానికి పదునెనిమిదవ శీతకాలములో మిగిలిన చుట్టములు వారే.

ఫలితమేమి అను ప్రశ్న న్యాయమైనది, దానిని దాటవేయరాదు. కేలాంగ్‌లో మొదటి బాప్తిస్మములకు తొమ్మిది సంవత్సరములు పట్టెను. ఆ తరువాతను సంఘము చిన్నదిగానే యుండెను. విశ్వాసులలో చాలమంది లడఖ్‌నుండి వచ్చినవారు. 1940లో ఆ స్థావరము మూయబడెను. లేహ్‌లో 1885లో ప్రారంభమైన మొరేవియను సంఘము నిలిచి, నేటికిని ఆరాధన జరుపుచున్నది. అదియు చిన్న సంఘమే. టిబెటు భాషలో సంపూర్ణ బైబిలును సిద్ధపరచుటకు లడఖ్ నివాసియైన యోసేబు గెర్గన్ తన జీవితమును వ్యయపరచెను. ఆ గ్రంథము 1948లో లాహోరులో అచ్చుపడెను. గెర్గన్ అంతకు రెండు సంవత్సరముల ముందే ప్రభువునందు నిద్రించెను. లెక్కల పుస్తకముతో వచ్చువాడు ఈ చరిత్ర అంతటినుండి ఒక పేజీ నింపుకొనలేడు. అతనికి జవాబుగా, విత్తనము మంచు క్రింద నున్నదనియు వసంతము తప్పక వచ్చుననియు చెప్పు అలవాటు బోధకులలో కలదు. అది తొందరపాటు ఓదార్పు. కేలాంగ్‌కు ఆ విధమైన వసంతము రాలేదు. వారు వసంతమును చూచి పని చేసినవారు కారు. అచ్చట మనుష్యులుండిరి, శీతకాలముండెను. వారితో కూడ ఉండిరి.

నేడు తెలుగు బోధకునికి సముద్రమును మూయబడదు, కనుమయు మూయబడదు. క్రిస్మసు దినములలో హైదరాబాదున విమానమెక్కినవాడు మరునాటికి షికాగోలోనో టొరంటోలోనో దిగును. వెచ్చని వాహనము వెచ్చని మందిరమునకు తీసికొనిపోవును. రెండు వారములు, పది కూటములు, కొన్ని ఛాయాచిత్రములు. ఇది తప్పని చెప్పుటకు ఎవరికిని హక్కు లేదు. పౌలును అనేక పట్టణములలో కొద్ది దినములే నిలిచెను. కాని దారిలో పోవుచు చూచుటకును, శీతకాలము గడపుటకును పౌలు భేదము చూపెను. ఆ భేదము చెరిగిపోయినప్పుడు ఎవరు నష్టపడుదురో ఆలోచింపవలెను. జనవరిలో బోధకుడు తిరిగి వెళ్లిన తరువాత ఆ దేశములో మంచు ఇంకను మూడు నెలలు ఉండును.

ఆ మూడు నెలలు అచ్చట ఉండువారు వేరు. రాత్రి విధులు ముగించుకొని తెల్లవారుజామున కారుమీది మంచును గీకు నర్సు. అద్దె గదిలో నలుగురితో నుండు విద్యార్థి. కుమార్తె కాన్పుకొరకు గుంటూరునుండియో కరీంనగరునుండియో వచ్చి, వాకిలి దాటుటకు కాలు జారునని భయపడి, కిటికీయొద్ద కూర్చుండు అవ్వ. ఆమెకు కారు నడుపరాదు, ఆ దేశపు మాట రాదు, ప్రక్క యింటివారి పేరు తెలియదు. తల్లిదండ్రులు పనికి పోయిన పగటివేళ ఆమె మనుమనికి పరలోక ప్రార్థనను తెలుగులో నేర్పుచుండును. వాడు ఇంగ్లీషులో బదులు చెప్పును. ‘పరిశుద్ధపరచబడు గాక’ అనగా ఏమి అని వాడు అడుగును. ఆమెకు తెలియును, చెప్పుటకు మాట దొరకదు. తనకు వచ్చిన రెండు ఇంగ్లీషు మాటలతో ఒకటి చెప్పిచూచును, వాడు తల అడ్డముగా ఊపును, మరియొకటి చెప్పిచూచును. స్టోక్ గ్రామములో యేష్కే కూర్చున్న చోటు ఇంతకంటె చాల వేరైనది కాదు. అతనికి మిషను సంఘము జీతమిచ్చెను, వార్షిక నివేదికలో పేరు వ్రాసెను. ఈ అవ్వ పేరు ఏ నివేదికలోను లేదు. ఆమె సంఘములో బోధకురాలని ఆమెకే తెలియదు. ప్రవాసములోనున్న తెలుగు సంఘములు వేసవి కూటములకు చేయు వ్యయములో పదవ వంతైనను ఇట్టివారిని ఆదివారము ఇంటినుండి మందిరమునకు తీసికొని వచ్చుటకు వెచ్చించుచున్నవో లేదో వాటి పెద్దలు చూచుకొనవలెను.

పౌలు కొరింథీయులకు చేసిన ఆ వాగ్దానము ఏమాయెను? అతడు అనుకొన్న వేళకు రాలేదు. అతని మాట నిలుకడ లేనిదని కొరింథులో కొందరు నిందించిరి. ఆ నిందకు జవాబు రెండవ పత్రికలో నున్నది. వారిని బాధపెట్టకుండుటకే ఆలస్యము చేసితినని అతడు వ్రాసెను. తరువాత, అపొస్తలుల కార్యములు ఇరువదవ అధ్యాయము చెప్పునట్లు, గ్రీసు దేశమునకు వచ్చి మూడు నెలలు ఉండెను. అది శీతకాలమనియు, ఆ నెలలు కొరింథులోనే గడచెననియు వ్యాఖ్యాతలు సాధారణముగా అంగీకరింతురు. ఆ మూడు నెలలలో అతడు ఏమి బోధించెనో లూకా ఒక్క మాటయు వ్రాయలేదు. కాని రోమీయులకు వ్రాసిన పత్రిక అప్పుడు, అచ్చట వ్రాయబడినదని వారు చెప్పుదురు. పత్రిక చివర తెర్తియు అను లేఖకుడు తన వందనమును తానే చేర్చుకొనెను. పౌలునకును సంఘమంతటికిని ఆతిథ్యమిచ్చిన గాయియు పేరు దాని ప్రక్కనే యున్నది. సముద్రము తెరువబడినప్పుడు ఆ పత్రికను రోమాకు తీసికొనిపోయినది, దగ్గరి రేవైన కెంక్రేయ సంఘమునకు చెందిన ఫీబే యను సహోదరియని తలంతురు.